పాత స్పోర్ట్స్ కారుకు బ్రేక్ హోస్: రబ్బరుదా, బ్రెయిడెడా?

రెండు డోర్ల స్పోర్ట్స్ కారు మన రోడ్ల మీద కనబడటమే అరుదు. అందుకే మన దగ్గర ఆ మోజున్నవాళ్లు దాచుకున్నవి వేరే బండ్లు. హోండా సిటీ వీటెక్, ఫియట్ పాలియో 1.6, స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్. హనుమకొండ, కాజీపేటల్లో ఇవి ఇప్పటికీ తిరుగుతున్నాయి. సిటీ వీటెక్‌ది 106 హార్స్‌పవర్, పాలియోది 100, ఆర్‌ఎస్ టర్బోది 150. ఇంజన్ల మీద పెట్టే శ్రద్ధకు లోటు లేదు. బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం అందరి నోటా ఒకటే మాట, "స్టీల్ బ్రెయిడెడ్ హోస్ వేయించాలె, పెడల్ రాయిలెక్క అయితది."

హోస్ అంటే బ్రేక్ ఆయిల్‌ను ఇనుప పైపు నుంచి చక్రం దగ్గరికి చేర్చే, వంగే గొట్టం. దాని చుట్టూ స్టీలు తీగల జాలీ అల్లితే అది బ్రెయిడెడ్. అది వేయిస్తే పెడల్ నిజంగా రాయిలా అవుతుందా? కొంతవరకు అవుతుంది. కానీ దానికి పెట్టే డబ్బుకు తగ్గ ఫలితం అన్ని బండ్లకూ ఒకేలా రాదు. ఇరవై ఏళ్ల నాటి హోస్ తీసి బ్రెయిడెడ్ వేసినవాళ్లు "అబ్బ, ఎంత తేడా" అన్నప్పుడు, ఆ తేడాలో ఎక్కువ భాగం కొత్త పైపుది, కొత్త బ్రేక్ ఆయిల్‌ది, గాలి సరిగ్గా తీసినందుకు వచ్చింది. స్టీలు జాలీ వల్ల వచ్చింది మిగతా కొంతే. ఆ కొంత మీకు కావాలా, మీ బండికి అందుతుందా అన్నదే చూసుకోవాలి.

ముందు పెడల్ సంగతి తేల్చుకోండి

పెడల్ మెత్తగా ఉందని నేరుగా హోస్‌ల ఆర్డర్ పెట్టకండి. రెండు మూడు సార్లు గబగబా తొక్కితే పెడల్ పైకి లేచి గట్టిపడితే, లైన్లో గాలి ఉన్నట్టు, లేదా వెనక డ్రమ్ముల్లో లైనర్లకూ డ్రమ్ముకూ మధ్య సందు పెరిగినట్టు. సిటీకీ పాలియోకీ వెనక డ్రమ్ములే. వాటిలో ఆ సందును దానంతటదే సర్దే ఆటో అడ్జస్టర్ తుప్పు పట్టి కదలడం మానేయడం మామూలు విషయం. అది శుభ్రం చేయించి సెట్ చేయిస్తే సగం జబ్బు అక్కడే పోతుంది, ఖర్చు కూడా మజూరీయే. పెడల్ మీద కాలు ఒకే బరువుతో ఉంచినా మెల్లగా కిందికి దిగిపోతుంటే, ఆయిల్‌ను లైన్లోకి నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి సీలు పోయినట్టు, లేదా ఎక్కడో కారుతున్నట్టు. దానికి హోస్ మార్చి లాభం లేదు.

హోస్ తప్పు అని చెప్పే గుర్తు వేరు. ఒకరిని సీట్లో కూర్చోబెట్టి బ్రేకు గట్టిగా తొక్కమనండి, మీరు ముందు చక్రం దగ్గర హోస్‌ను పిడికిట్లో పట్టుకోండి. తొక్కినప్పుడల్లా చేతిలో ఉబ్బుతున్నట్టు తెలిస్తే ఆ హోస్ పని అయిపోయింది. చక్రాన్ని ఒక పక్కకు పూర్తిగా తిప్పి, వంపు తిరిగిన చోట టార్చి వేసి చూడండి. సన్నని పగుళ్లు అక్కడే మొదలవుతాయి, హోస్ సాపుగా ఉన్నప్పుడు అవి మూసుకుపోయి కనబడవు.

ఇంకో రకం జబ్బు బయటికి అసలు కనబడదు. కారు ఒక పక్కకు లాగుతుంది, కొంత దూరం పోయి ఆగితే ఒక చక్రం మాత్రం కాలిపోతుంటుంది. మెకానిక్, ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ జామ్ అయిందంటాడు, మార్చేస్తాడు, నెల తిరగకుండా మళ్లీ అదే కథ. లోపలి రబ్బరు ఉబ్బి దారి మూసుకుపోతే, కాలి బలానికి ఆయిల్ కాలిపర్ దాకా పోతుంది కానీ, కాలు తీశాక వెనక్కి రాదు. దీన్ని పట్టుకోవడం తేలిక. ఆ చక్రాన్ని జాకీ మీద లేపి, బిగుసుకుని ఉన్నప్పుడే హోస్ పైకొసన ఉన్న ఇనుప పైపు నట్టు కొద్దిగా వదులు చేయండి. చక్రం వదిలితే తప్పు పైన ఎక్కడో ఉంది, మాస్టర్ సిలిండర్ దగ్గరో పెడల్ దగ్గరో. వదలకపోతే ఆ నట్టు బిగించి, కాలిపర్ మీద గాలి తీసే బ్లీడింగ్ నిప్పల్ తెరవండి. ఇప్పుడు వదిలితే మధ్యలో ఉన్న హోసే మూసుకుపోయింది. అప్పటికీ వదలకపోతే కాలిపర్ పిస్టన్ నిజంగానే పట్టేసింది. అలా తీసేసిన హోస్‌ను ఒకటి బ్లేడుతో నిలువునా చీల్చి చూడండి. బయట నల్లగా నిగనిగలాడుతూ కొత్తదానిలా ఉంటుంది. లోపల మాత్రం రబ్బరు పొర పాయలుగా లేచి, గుండుసూది దూరేంత సందు కూడా మిగలదు.

ఈ జబ్బు చాలాసార్లు మన చేతులతో తెచ్చుకున్నదే. ప్యాడ్లు మార్చేటప్పుడు కాలిపర్ విప్పి హోస్‌కే వేలాడదీసే అలవాటు వర్క్‌షాపుల్లో ఉంది. ఆయిల్ కారకుండా హోస్‌ను ప్లయర్‌తో నొక్కిపట్టే అలవాటూ ఉంది. రెండూ లోపలి పొరను చీల్చేవే. కాలిపర్‌ను ఒక తీగతో స్ప్రింగుకు కట్టమని అడగండి, ఏమీ అనుకోరు.

కొత్త రబ్బరు హోస్

మంచి రబ్బరు హోస్ అంటే ఉత్త రబ్బరు గొట్టం కాదు. లోపల ఈపీడీఎం అనే సింథటిక్ రబ్బరు, దాని మీద దారాల అల్లిక, పైన మళ్లీ ఈపీడీఎం. బ్రేక్ ఆయిల్‌కు ఈపీడీఎం తట్టుకుంటుంది, ఎండకూ గాలిలోని ఓజోన్‌కూ కూడా బాగానే నిలుస్తుంది. మన దగ్గర దీనికి ఐఎస్ 7079 ప్రమాణం ఉంది. అమెరికా ప్రమాణం ఎఫ్‌ఎంవీఎస్‌ఎస్ 106 అయితే, అందులో పరీక్షలు చదివితేనే హోస్ మీద గౌరవం పుడుతుంది. లోపల నీళ్లను ఒత్తిడిలో ఉంచి 35 గంటలు ఆపకుండా గిరగిరా ఊపుతారు, కారకూడదు. సన్న హోస్ అయితే 7,000 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) లోపు పగలకూడదు. గట్టిగా బ్రేకు తొక్కినప్పుడు లైన్లో వచ్చే ఒత్తిడి దీనిలో చిన్న భాగం మాత్రమే.

అదే ప్రమాణంలో ఉబ్బుకు కూడా హద్దు ఉంది. హోస్ మీద హెచ్‌ఆర్ అని ముద్ర ఉంటే మామూలు రకం, హెచ్‌ఎల్ అంటే తక్కువ ఉబ్బేది. మూడు మిల్లీమీటర్ల లోపలి రంధ్రం ఉన్న హోస్‌కు 1,000 పీఎస్ఐ దగ్గర అడుగు పొడవుకు హెచ్‌ఆర్ అయితే 0.66 సీసీ, హెచ్‌ఎల్ అయితే 0.33 సీసీ దాకా ఉబ్బవచ్చు. ఈ అంకెలు చూడటానికి చిన్నవే, పెడల్ దగ్గరికి తెచ్చి చూస్తే తెలుస్తుంది. మాస్టర్ సిలిండర్ పిస్టన్ 20.6 మిల్లీమీటర్లది అనుకుంటే, హోస్‌ల ఉబ్బులో ఒక సీసీ ఆయిల్ పోయిందంటే పిస్టన్ మూడు మిల్లీమీటర్లు ఎక్కువ కదలాలి. పెడల్ లివర్ నాలుగు రెట్లది అయితే పాదం కింద అది పన్నెండు మిల్లీమీటర్లు. అంటే బ్రెయిడెడ్ హోస్ మీద జనం చెప్పుకునే తేడా ఉత్త భ్రమ కాదు. అయితే మంచి హెచ్‌ఎల్ రబ్బరు హోస్‌తోనే అందులో సగం వచ్చేస్తుంది. ఈ ముక్క కౌంటర్ మీద ఎవరూ చెప్పరు, మీరే ముద్ర చూసి అడగాలి.

రబ్బరులో అసలు చిక్కు దొరకడం. ఈ కార్ల తయారీ ఎప్పుడో ఆగిపోయింది. హైదరాబాద్ పుత్లీబౌలికో రాణిగంజ్‌కో పోయి వెతికితే కవర్ కూడా చింపని ఒరిజినల్ ముక్క దొరకవచ్చు, సంబరపడకుండా దాని మీద తయారీ తేదీ చూడండి. డబ్బాలో పడి ఉన్నా రబ్బరుకు వయసు వస్తుంది. పదేళ్ల కిందటి ఒరిజినల్ కంటే పోయినేడు తయారైన మంచి కంపెనీ హోస్ నయం. హోస్‌ను చేతిలో వంచి చూడండి, గీతలా పగుళ్లు తేలితే పక్కన పెట్టేయండి. ముద్రలేవీ లేని, ధర మాత్రం ఊరించే హోస్ కూడా ఉంటుంది. దాన్ని కొనకండి, అంతే.

ఖర్చు మాటకొస్తే రబ్బరు హోస్ ఒక్కోటి వందల్లో పోతుంది, బ్రెయిడెడ్ సెట్ వేలల్లో.

బ్రెయిడెడ్ హోస్

ఇందులో లోపలి గొట్టం పీటీఎఫ్‌ఈ, అంటే మన దోసె పెనం మీద పూసే టెఫ్లానే. దాని చుట్టూ స్టెయిన్‌లెస్ స్టీల్ తీగల అల్లిక, దాని పైన ప్లాస్టిక్ తొడుగు. టెఫ్లాన్ బ్రేక్ ఆయిల్‌కు చెక్కుచెదరదు, రబ్బరులా ఉబ్బి దారి మూసుకోదు. ఒత్తిడికి స్టీలు జాలీ సాగదు. నాలుగు చక్రాలకూ డిస్కులున్న ఆక్టేవియా ఆర్‌ఎస్ లాంటి బండికి, మిగతా బ్రేకులన్నీ బాగుంటే, పెడల్ కింద ఇది స్పష్టంగా తెలుస్తుంది. ఎంత తొక్కితే అంత పడుతుందన్న లెక్క పాదానికి కచ్చితంగా అందుతుంది.

దీంతో కారు తక్కువ దూరంలో ఆగుతుందా అంటే, ఆగదు. చక్రం జారేదాకా బ్రేకు వేయగలిగిన బండి ఆగే దూరాన్ని తేల్చేది టైరు. అమ్మేవాళ్లు ఎలా చెప్పినా ఇది మారదు. ఆ వేలల్లో టైర్లకు కొంత పెట్టమని అడిగినవాళ్లందరికీ చెబుతుంటాను, ఎవరూ వినరు.

బ్రెయిడెడ్‌లో గుడ్‌రిడ్జ్, హెల్ లాంటి పేరున్న బ్రిటన్ కంపెనీలవి ఉన్నాయి, ఇంకా చాలా రకాలున్నాయి. పేరు కంటే ముందు నాలుగు విషయాలు చూస్తాను. మొదటిది పైన తొడుగు ఉందా లేదా. జాలీ తళతళా కనబడేలా తొడుగు లేనిది బైకు మీద ఫొటోకు బాగుంటుంది. కరీంనగర్ గ్రానైట్ లారీల వెనక, భూపాలపల్లి బొగ్గు లారీల వెనక తిరిగే కారుకు పనికిరాదు. ఆ సన్నని దుమ్ము తీగల సందుల్లోకి దూరి, హోస్ కదిలినప్పుడల్లా లోపలి టెఫ్లాన్‌ను ఆకురాయిలా అరగదీస్తుంది. పైకి ఏమీ తెలియదు. రబ్బరు హోస్ పగుళ్లతోనైనా హెచ్చరిస్తుంది, ఇది అదీ చేయదు. తొడుగు పారదర్శకంగా ఉన్నదైతే, లోపల తీగ తెగినా తుప్పు చుక్క పడినా కనబడుతుంది, నేనైతే అదే తీసుకుంటాను.

రెండోది చివరి ఫిట్టింగులు. అవి హోస్ మీద శాశ్వతంగా నొక్కి బిగించినవై ఉండాలి. స్పానర్‌తో విప్పి మళ్లీ బిగించుకునే రకం ఫిట్టింగులను అమెరికా ప్రమాణం రోడ్డు మీది బండ్లకు ఒప్పుకోదు. రంగురంగుల అల్యూమినియం ఫిట్టింగులకూ ఆశపడకండి, స్టెయిన్‌లెస్ స్టీలువి అడగండి. మన వానలకూ బురదకూ అవే నిలుస్తాయి.

మూడోది కొస ఆకారం. ఇక్కడే ఎక్కువమంది ఇరుక్కుంటారు. జపాన్ కార్ల ఇనుప పైపు కొస లోపలికి మడిచిన డబుల్ ఫ్లేర్‌గా ఉంటుంది, యూరప్ కార్లది బుడగలాంటి బబుల్ ఫ్లేర్. రెండింటి నట్టు మరా ఒకటే కావచ్చు, ఎం10, పిచ్ 1.0. కాబట్టి ఒకదానికి ఇంకోటి బిగుసుకుంటుంది, కాసేపు కారదు కూడా. తర్వాత గట్టిగా తొక్కినప్పుడు కారుతుంది. సిటీకి తెప్పిస్తే జపాన్ రకం, ఆక్టేవియాకైతే యూరప్ రకం అని అమ్మేవాడితో ముందే తేల్చుకోవాలి.

నాలుగోది పొడవు, లెక్క. వెనక ఇరుసు దగ్గర బాడీకీ ఇరుసుకూ మధ్య ఒక జత, ఇరుసు మీంచి కాలిపర్‌కు ఇంకో జత ఉండే బండ్లున్నాయి. నాలుగు హోస్‌ల సెట్ తెప్పించుకుని, వెనక రెండు పాతవే మిగిలిపోవడం ఇలాగే జరుగుతుంది. కారు కింద దూరి లెక్కపెట్టి ఆర్డర్ ఇవ్వండి.

జేసీబీ పైపుల దుకాణంలో చేయించుకుంటే?

ఈ ప్రశ్న మన ప్రాంతంలో తప్పకుండా వస్తుంది. క్వారీలు, జేసీబీలు, హార్వెస్టర్లు ఉన్నచోట హైడ్రాలిక్ పైపులు కోసి, కొసలు నొక్కి ఇచ్చే దుకాణాలూ ఉంటాయి. మెషీన్ ఉంది, ఫిట్టింగులు ఉన్నాయి, అరగంటలో పని. దుకాణం అన్న ధీమాగానే చెబుతాడు, "ఇది మూడొందల బార్లు తట్టుకుంటది తమ్మీ, నీ కారు బ్రేకెంత?" ఒత్తిడి విషయంలో ఆయన మాట నిజమే. తేడా ఆయిల్‌లో ఉంది. హైడ్రాలిక్ పైపు లోపలి రబ్బరు సాధారణంగా నైట్రైల్, అది మినరల్ ఆయిల్ కోసం తయారైంది. బ్రేక్ ఆయిల్ గ్లైకాల్ జాతిది, నైట్రైల్‌ను ఉబ్బించి మెత్తబరుస్తుంది. అదే లెక్కన బ్రేక్ హోస్‌లోని ఈపీడీఎం మినరల్ ఆయిల్‌కు నిలవదు. అందుకే బ్రేక్ డబ్బాలో పొరపాటున ఇంజన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో పోస్తే సీళ్లూ హోస్‌లూ అన్నీ మార్చాల్సి వస్తుంది. జేసీబీ పైపు కారుకు వేస్తే మొదటి నెల అద్భుతంగా ఉంటుంది. తర్వాత లోపలి రబ్బరు పొడి మాస్టర్ సిలిండర్ దాకా చేరుతుంది.

టెఫ్లాన్ పైపు తెచ్చి అక్కడే నొక్కిస్తానంటారా? బ్రేకుల కోసమే చేసే చోట ప్రతి హోస్‌నూ ఒత్తిడి పెట్టి పరీక్షించి ట్యాగ్ వేస్తారు. ఆ పరీక్ష చేయని చోట కొసలు నొక్కించి బండికి వేయను. పాత బండ్ల తుక్కులోంచి తీసిన హోస్ గురించి అసలు మాట్లాడక్కర్లేదు.

ఎవరికి ఏది

సిటీ వీటెక్ గానీ పాలియో గానీ రోజూ సుబేదారి, నయీంనగర్ ట్రాఫిక్‌లో తిప్పుతూ, ఆదివారం ములుగు రోడ్డు మీద రామప్ప దాకానో లక్నవరం దాకానో పోయివచ్చేవాళ్లకు నా సలహా రబ్బరే. హెచ్‌ఎల్ ముద్రతో, కొత్త తేదీతో దొరికితే రెండో ఆలోచన వద్దు. వెనక డ్రమ్ములున్న బండిలో పెడల్ మెత్తదనం చాలావరకు డ్రమ్ముల దగ్గరే పుడుతుంది, బ్రెయిడెడ్ వేసినా దాన్ని దాచలేదు.

ఆర్‌ఎస్ లాంటి నాలుగు డిస్కుల బండితో నిర్మల్ దగ్గర మహబూబ్ ఘాట్ దిగేవాళ్లకు, లేదా ఎప్పుడైనా మద్రాసు ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కు తీసుకెళ్లాలనుకునేవాళ్లకు బ్రెయిడెడ్ దండగ కాదు. తొడుగున్నది, ప్రమాణం ముద్ర ఉన్నది. కానీ ఘాట్‌లో, ట్రాక్‌లో మొదట చేతులెత్తేసేది హోస్ కాదు, ఆయిల్. బ్రేక్ ఆయిల్ రకాలకు డాట్ అంకెలుంటాయి. డాట్ 3 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగకూడదు, తేమ పీల్చుకున్నాక ఆ హద్దు 140కి పడిపోతుంది. డాట్ 4కు 230, 155. డాట్ 5.1కు 260, 180. ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు వస్తే ఏ హోస్ ఉన్నా పెడల్ నేలకు ఆనుతుంది. కాబట్టి బ్రెయిడెడ్‌కు డబ్బు పెట్టి ఆయిల్ పాతదే ఉంచడం అర్థం లేని పని. రెండేళ్లకోసారి మార్చండి. సీలు తీసి నెలల తరబడి అరలో ఉన్న డబ్బా వాడకండి. డాట్ 5 అని విడిగా ఒకటుంది, అది సిలికాన్ ఆయిల్. 5.1 అనుకుని పోయకండి, గట్టిగా తొక్కినా చక్రాలు బిగుసుకోకుండా చూసే ఏబీఎస్ ఉన్న బండికి అసలే వద్దు.

షెడ్డులోనే ఎక్కువ ఉండి, పండగలకు బయటికి వచ్చే కారుకు రబ్బరు చాలు. పదిహేనేళ్లు నిండి ఆర్సీ రెన్యువల్‌కు, ఫిట్‌నెస్‌కు తీసుకెళ్లే ముందు ఎలాగూ కింద అన్నీ చూపిస్తారు కదా, అప్పుడే హోస్‌లూ మార్పించేయండి. పదేళ్లు దాటిన హోస్‌ను పగుళ్లు లేకపోయినా ఉంచకూడదని నా పట్టుదల.

ఇక ఒరిజినల్ ఎక్కడా దొరకడం లేదు, దొరికినవన్నీ పాత స్టాకే అంటే, పాత హోస్‌ను నమూనాగా పంపి, పరీక్షించి ఇచ్చే చోట బ్రెయిడెడ్ చేయించుకోవడమే దారి. అప్పుడది షోకు కాదు, అవసరం.

బిగించేటప్పుడు

ఇనుప పైపు నట్టును మామూలు స్పానర్‌తో తిప్పనివ్వకండి. ఇరవై ఏళ్ల తుప్పులో దాని మూలలు గుండ్రంగా అరిగిపోతాయి, తర్వాత పైపు కోసి కొత్తది వేయడం తప్ప మార్గం లేదు. ముందురోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచి, నట్టును చుట్టూ పట్టుకునే ఫ్లేర్ నట్ స్పానర్ వాడాలి. హోస్ కొసను కాలిపర్‌కు బిగించే బాంజో బోల్టు దగ్గర, ఆ కొసకు రెండు పక్కలా వాషర్లు కొత్తవే వేయాలి. పాత రాగి వాషర్‌ను స్టవ్ మీద ఎర్రగా కాల్చి మళ్లీ వాడే చిట్కా పనిచేస్తుంది, కానీ పది రూపాయల వాషర్‌కు అంత కష్టం దేనికి?

రబ్బరు హోస్ మీద నిలువుగా గీతలుంటాయి. అవి అలంకారం కాదు. హోస్ మెలికపడకుండా బిగించామా లేదా చూసుకోవడానికి. గీత తిన్నగా కనబడాలి, చుట్టుకుపోతే విప్పి మళ్లీ వేయించాలి. బ్రెయిడెడ్‌కు మెలిక ఇంకా చెడ్డది. హోస్ అసలు ఏ క్లిప్పులో, ఏ బ్రాకెట్లో పోయిందో అక్కడే పోవాలి. తొడుగు పోయిన స్టీలు జాలీ ఏబీఎస్ తీగకు తగిలిందంటే దాన్ని రంపంలా కోసేస్తుంది.

ఏబీఎస్ ఉన్న బండిలో పని జరుగుతున్నంతసేపూ ఆయిల్ డబ్బా ఖాళీ కానివ్వకుండా ఒకరు పోస్తూనే ఉండాలి. గాలి ఏబీఎస్ యూనిట్లోకి పోతే స్కానర్ ఉన్న వర్క్‌షాపుకు పోవాల్సిందే. బండి పెయింట్ మీద ఆయిల్ పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి, తుడిస్తే పెయింట్ కూడా లేచి వస్తుంది.

అంతా అయ్యాక కారు జాకీ మీదే ఉండగా, చక్రాలు కిందికి వేలాడుతున్నప్పుడు స్టీరింగ్ ఒక కొస నుంచి ఇంకో కొస దాకా తిప్పించి, హోస్ ఎక్కడా బిగదీసుకోకుండా, టైరుకు రాసుకోకుండా చూడండి. చక్రాలు దించి బరువు పడ్డాక మళ్లీ ఒకసారి చూడండి. ఇంజన్ ఆన్ చేసి బ్రేకు బలంగా తొక్కిపట్టి ఒక నిమిషం ఉంచమని ఒకరికి చెప్పి, మీరు ప్రతి కీలు దగ్గరా పొడి గుడ్డతో తుడిచి చూసుకోండి. మొదటి పరుగు ఖాళీ రోడ్డు మీద, మెల్లగా. వారం తర్వాత చక్రాల లోపలి వైపు తడి ఉందేమో, డబ్బాలో ఆయిల్ గీత దిగిందేమో చూసి, దిగకపోతే అప్పుడు ఘాట్ సంగతి ఆలోచించండి.